సీబీడీ క్రీమ్ రాస్తే కీళ్ల నొప్పి తగ్గుతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: అమ్మగారికి అరవై దాటాయి, రెండు మోకాళ్లూ, రెండు చేతుల బొటనవేళ్ల మొదళ్లూ నొప్పి. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీ కలిపిన క్రీమ్ నొప్పి ఉన్నచోట రాస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారు. నిజంగా తగ్గుతుందా, మత్తు వస్తుందా, కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

సూటిగా చెప్పేస్తాను. బొటనవేలి మొదట్లో నొప్పికి కొంత ఉపశమనం దొరకొచ్చు. మోకాలి విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నొప్పి ఉన్నచోట మామూలుగా రాసుకుంటే మత్తు రాదు. కానీ ఈ రెండు చోట్లకీ ఇంతకంటే గట్టి రుజువులున్న పూత మందు ఇప్పటికే ఒకటుంది, డైక్లోఫెనాక్ జెల్. అది అమ్మగారికి పడుతుందో లేదో డాక్టర్ని అడిగాకే సీబీడీ సంగతి ఆలోచించండి.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతుల నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లే. ఈ మధ్య చాలామంది సంచిలోంచి ఇలాంటి డబ్బా ఒకటి తీసి "ఇది రాసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు వాళ్లతో కలిసి చదవడం నాకు అలవాటైపోయింది. కింద రాసేది చాలావరకు ఆ సంభాషణల్లో నేను చెప్పేదే.

ముందు చర్మం సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. చర్మం పైన ఉండే మృతకణాల పొర, స్ట్రాటమ్ కార్నియమ్, శరీరంలో చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మందం మాత్రమే ఉంటుంది. అరచేతుల్లో, అరికాళ్లలో చాలా మందం. పైనుంచి ఏ మందు లోపలికి వెళ్లాలన్నా ముందు దాటాల్సిన గోడ ఇదే. అణుభారం 500 డాల్టన్ల లోపు ఉన్నవే ఈ పొరని దాటగలవని ఒక లెక్క ఉంది. సీబీడీ భారం 314, గంజాయిలోనే ఉండే మరో పదార్థం టీహెచ్‌సీ భారం కూడా అంతే, కాబట్టి సైజు అడ్డం కాదు. అసలు ఇబ్బంది వేరే. ఈ రెండూ నూనెలో బాగా కరుగుతాయి, నీళ్లలో దాదాపు కరగవు. పై పొరలో కొవ్వు ఉంటుంది కాబట్టి అందులోకి సులువుగా వెళ్లిపోతాయి, దాని కిందున్న సజీవ కణాల పొరలో నీటిపాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడికి వచ్చేసరికి నడక మందగిస్తుంది. అంటే రాసిన దాంట్లో చాలాభాగం చర్మంలోనే ఉండిపోతుంది. కొద్దిగా కిందికి దిగినదాన్ని కూడా అక్కడుండే సన్నని రక్తనాళాలు మోసుకుపోతాయి.

ఇక్కడే మీ రెండు ప్రశ్నలకి సమాధానం ఉంది. రక్తంలోకి చేరేది బహు తక్కువ కాబట్టి మత్తు ఉండదు. అసలు సీబీడీకి మత్తెక్కించే గుణం లేదు, అది టీహెచ్‌సీ పని. అదే కారణంగా లోతుగా ఉన్న కీలుకి కూడా మందు అందదు. తుంటి కీలు అరిగిన ఒకాయన రోజూ పొద్దున, రాత్రి తుంటి చుట్టూ ఖరీదైన క్రీమ్ రాసుకుని, అరకొర ఫలితం కూడా లేదని బాధపడుతూ వచ్చారు. తుంటి కీలు మీద చర్మం, కొవ్వు, బలమైన కండరాలు ఇన్ని పొరలుంటాయి. అంత లోతుకి చేతితో రాసిన క్రీమ్ ఎలా చేరుతుంది? తప్పు ఆయనది కాదు, ఆ డబ్బా మీద "కీళ్ల నొప్పులకు" అని రాసిపెట్టారు మరి. వేళ్ల కీళ్లు అలా కాదు, చర్మం కిందే ఉంటాయి. బొటనవేలి మొదలు దగ్గర వేలు పెట్టి నొక్కితే కీలు చేతికి తగులుతుంది. మోకాలు ఈ రెండిటికీ మధ్యస్థం, ముందువైపు పైకే ఉంటుంది గానీ కీలు పెద్దది.

ఒంటికి అంటించే ప్యాచ్‌ల సంగతి వేరు, అది కూడా చెప్పాలి. మందు చర్మం దాటి రక్తంలోకి వెళ్లాలనే ఉద్దేశంతోనే వాటిని తయారుచేస్తారు, అలా దాటించే పదార్థాలు కలుపుతారు. టీహెచ్‌సీ ఉన్న ప్యాచ్ అంటించుకుంటే ఒళ్లంతా ప్రభావం ఉండొచ్చు. "పైపూతే కదా" అని రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

మరి చర్మంలోనే ఉండిపోతే ఉపశమనం ఎలా వస్తుంది అనే అనుమానం న్యాయమైనదే. మన శరీరంలో గంజాయి పదార్థాలకి స్పందించే గ్రాహకాలు రెండున్నాయి, సీబీ1, సీబీ2. మొదటిదాన్ని 1990లో, రెండోదాన్ని 1993లో గుర్తించారు. ఇవి మెదడులోనే కాదు, చర్మంలోని నరాల కొసల్లో, చర్మకణాల్లో, రోగనిరోధక కణాల్లో కూడా ఉంటాయి. సీబీడీ ఈ రెండిటినీ గట్టిగా పట్టుకోదు గానీ, మిరపకాయ మంటని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మీద పనిచేస్తుంది. నొప్పి సంకేతం బయల్దేరే చోటుల్లో అదొకటి. కాబట్టి చర్మానికి దగ్గరగా పుట్టే నొప్పి మీద, నరాల కొసల్లో మంట మీద ఏదో ఒక ప్రభావం ఉండటానికి శాస్త్రపరంగా దారి ఉంది. దారి ఉండటం వేరు, మనుషుల్లో పనిచేసిందని తేలడం వేరు. ఆ రెండో విషయంలో ఇప్పటిదాకా ఏం తేలిందో చూద్దాం.

2016లో కీళ్లవాపు ఉన్న ఎలుకలకి సీబీడీ జెల్ రాస్తే వాపు, నొప్పి తగ్గాయని ఒక ప్రయోగం వచ్చింది. క్రీములు అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది దీన్నే. ఎలుక చర్మం మన చర్మం కంటే చాలా సులువుగా మందుని లోపలికి పోనిస్తుంది, పైగా ఎలుక కీలు ఎంత లోతుంటుంది? దాన్ని బట్టి మనిషి మోకాలి గురించి ఏమీ చెప్పలేం. 2020లో కాళ్లలో నరాల దెబ్బతో బాధపడే 29 మందిని నాలుగు వారాలు పరిశీలించారు, సీబీడీ నూనె రాసుకున్నవాళ్లకి గుచ్చినట్టుండే నొప్పి, చల్లదనం, దురద తగ్గాయి. 2022లో సరిగ్గా మీ అమ్మగారి సమస్య మీదే, అంటే బొటనవేలి మొదలు అరుగుదల మీద, ఒక పరీక్ష జరిగింది. ఒక్కో మిల్లీలీటర్‌లో 6.2 మిల్లీగ్రాముల సీబీడీ ఉన్న షియా బటర్‌ని రెండు వారాలు, ఏమీ కలపని షియా బటర్‌ని రెండు వారాలు, రోజుకి రెండుసార్లు రాయించారు. సీబీడీ ఉన్నప్పుడే నొప్పి ఎక్కువ తగ్గింది. కానీ అందులో పాల్గొన్నది 18 మందే. వినడానికి బాగుంది, నమ్మకంగా చెప్పడానికి సరిపోదు.

మోకాలికి వస్తే కథ మారుతుంది. 320 మంది మోకాలి అరుగుదల రోగులకి కృత్రిమంగా తయారుచేసిన సీబీడీ జెల్‌ని 12 వారాలు రాయించి చూశారు, రోజుకి 250 లేదా 500 మిల్లీగ్రాములు. 2017లో ఫలితాలు వచ్చాయి, ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యంలో మందు కలపని ఉత్తుత్తి జెల్ కంటే మెరుగని తేలలేదు. ఈ అంకెని కాస్త ఆగి చూడండి. మీరు కొనే మామూలు డబ్బా మొత్తం కలిపి 500 మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. అంటే ఒక డబ్బా సీబీడీ ఒక్క రోజులో వాడినా ఆ పరీక్షలో మోకాలి నొప్పికి సరైన జవాబు దొరకలేదు. అందుకే మోకాలికి ఆశ పెట్టుకోవద్దని మొదట్లోనే అన్నాను.

"కానీ మా పక్కింటావిడకి రాయగానే తగ్గిపోయిందట" అంటారు చాలామంది. నేను కాదనను, తగ్గే ఉంటుంది. రాసిన రెండు నిమిషాల్లో చల్లగా అనిపించి నొప్పి తగ్గిందంటే అది సీబీడీ పని కాదు. సీబీడీకి చల్లదనం లేదు. డబ్బా తిప్పి చూడండి, మెంథాల్ ఉంటుంది, కర్పూరం ఉంటుంది, మిథైల్ శాలిసిలేట్ ఉంటుంది. దశాబ్దాలుగా నొప్పి బామ్‌లలో వాడుతున్నవే ఇవన్నీ. వీటికి తోడు రుద్దడం వల్ల వచ్చే సుఖం ఒకటుంది. స్పర్శని మోసే నరాలు చురుగ్గా ఉన్నప్పుడు నొప్పి సంకేతం వెన్నుపాము దగ్గరే కొంత అణిగిపోతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగలగానే చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లి రుద్దేది ఇందుకే. ఈ ఉపశమనం అబద్ధం కాదు, కాకపోతే దానికోసం సీబీడీ ధర కట్టనక్కర్లేదు.

మిథైల్ శాలిసిలేట్ విషయంలో ఒక హెచ్చరిక. అమ్మగారు వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబడే మందు వాడుతుంటే ఇది ఉన్న క్రీమ్ రాయొద్దు. చర్మం గుండా లోపలికి వెళ్లి రక్తస్రావం ముప్పు పెంచుతుంది. అలాగే మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ ఎక్కువగా ఉన్న పూతలతో చర్మం కాలిన ఘటనలు వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది. క్రీమ్ రాసి దానిమీద గట్టిగా కట్టు కట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం చేయకండి. కాపడం పెట్టుకునే అలవాటుంటే ముందు కాపడం, చర్మం మామూలు వేడికి వచ్చాక క్రీమ్.

కొనేటప్పుడు ఏం చూడాలన్నారు. మొదట చూడాల్సింది పదార్థాల జాబితా. అందులో "కన్నాబిస్ సటైవా సీడ్ ఆయిల్" లేదా "హెంప్ సీడ్ ఆయిల్" అని మాత్రమే ఉంటే అది గింజల నూనె. చర్మానికి మంచి తేమ ఇస్తుంది, కానీ గింజల్లో సీబీడీ దాదాపు ఉండదు. డబ్బా మీద పెద్ద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది, కొన్నవాళ్లు సీబీడీ రాసుకుంటున్నామనే అనుకుంటారు. సీబీడీ అనో, కన్నాబిడియోల్ అనో స్పష్టంగా రాసి, ఎన్ని మిల్లీగ్రాములో అంకె వేసి ఉండాలి.

తర్వాత ఆ అంకెని డబ్బా బరువుతో భాగించండి. 50 గ్రాముల డబ్బాలో 500 మిల్లీగ్రాములుంటే గ్రాముకి 10. వంద గ్రాముల డబ్బాలో అదే 500 ఉంటే గ్రాముకి 5 మాత్రమే, అంకె ఒకటే అయినా సరుకు సగం. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబ్‌లోంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. గ్రాముకి 10 ఉన్న క్రీమ్ అయితే అందులో 5 మిల్లీగ్రాముల సీబీడీ. ఇందాక చెప్పిన బొటనవేలి పరీక్షలో మిల్లీలీటర్‌కి 6.2 వాడారు కదా, దానికి దగ్గర్లో లేదా కాస్త పైన ఉన్నది తీసుకుంటే చాలు. రెండు వేల మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలతో రాసినదాని వెంట పడక్కర్లేదు, ఎక్కువ పోస్తే ఎక్కువ లోపలికి వెళ్తుందనే లెక్క ఆ కొవ్వు పొర దగ్గర పనిచేయదు.

ఆ అంకె నిజమా కాదా అనేది ఇంకో పెద్ద సమస్య. అమెరికాలో 105 పూత ఉత్పత్తులని కొని పరీక్షించి 2022లో వివరాలు ప్రచురించారు. సీబీడీ మొత్తం ఎంతో రాసి ఉన్నవాటిలో నాలుగో వంతు లేబుళ్లు మాత్రమే నిజానికి దగ్గరగా ఉన్నాయి, కొన్నిట్లో రాసినదానికంటే తక్కువ, సగానికి పైగా వాటిలో రాసినదానికంటే ఎక్కువ. మూడో వంతుకి పైగా ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. అందుకే బయటి ల్యాబ్ రిపోర్ట్ లేని డబ్బా ముట్టుకోవద్దంటాను. రిపోర్ట్ మీద బ్యాచ్ నంబర్, మీ డబ్బా మీద బ్యాచ్ నంబర్ ఒకటే కావాలి. సీబీడీ, టీహెచ్‌సీ శాతాలతో పాటు సీసం, కాడ్మియం లాంటి లోహాలు, పురుగుమందులు, మిగిలిపోయిన ద్రావకాలు కూడా పరీక్షించి ఉండాలి. ఈ మొక్క నేలలోని లోహాలని పీల్చుకునే రకం, కాబట్టి ఇది లాంఛనం కాదు.

టీహెచ్‌సీ ఉన్న పూత వాడితే మూత్ర పరీక్షలో పట్టుబడతారా అని ఒక డ్రైవర్ నన్ను అడిగారు. 2017లో ముగ్గురు వలంటీర్ల మీద చేసిన చిన్న పరిశీలనలో రక్తంలోగానీ మూత్రంలోగానీ బయటపడలేదు. అయినా ఉద్యోగం పరీక్ష మీద ఆధారపడినవాళ్లకి నేను వద్దనే చెప్తాను, లేబుళ్లే నమ్మకం లేనప్పుడు ముగ్గురి ఫలితం చూసుకుని ఉపాధిని పణంగా పెట్టకూడదు. ఇక చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మీరుండే చోట ఏది చెల్లుతుందో కొనకముందే తెలుసుకోండి, ప్రయాణాల్లో సరిహద్దు దాటించకండి.

ఇన్నీ చూసుకుని, డాక్టర్ కూడా సరేనంటే, వాడే పద్ధతి ఇలా పెట్టుకోండి. ముందు మోచేతి లోపలివైపు ఒక చిన్న చోట రోజుకి రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడండి. ఎర్రబడినా, దురద వచ్చినా అది అమ్మగారికి పడదు. చాలాసార్లు సీబీడీ కంటే అందులో కలిపే సువాసన నూనెలే చర్మాన్ని ఇబ్బంది పెడతాయి, అందుకే వాసన లేనిది, మెంథాల్ లేనిది ఎంచుకోమంటాను. మెంథాల్ లేకపోతే ఇంకో లాభం, ఏది పనిచేస్తోందో తేలుతుంది.

అమ్మగారికి రెండు బొటనవేళ్లూ నొప్పే కాబట్టి ఒకదానికి సీబీడీ క్రీమ్, రెండోదానికి ఏమీ కలపని మామూలు క్రీమ్ రాయండి. ఏ చేతికి ఏది అనేది మీకు తెలియాలి, ఆవిడకి తెలియకూడదు, కాబట్టి మీరే రాయండి, ఒకటి రాశాక చేతులు కడుక్కుని రెండోది రాయండి. రెండూ ఒకే సమయంపాటు రుద్దండి. రోజూ ఒకే పని చేయించి, ఉదాహరణకి తాళం తిప్పడమో, సీసా మూత తీయడమో, ఒక్కో చేతికి నొప్పి పదికి ఎంతో అడిగి రాసుకోండి. ఒక చెయ్యి మొదటినుంచీ ఎక్కువ నొప్పిగా ఉంటుంది గనక, వారం దాటాక క్రీములు చేతులు మార్చండి. రెండు వారాల తర్వాత కాగితం చూస్తే సంగతి తెలిసిపోతుంది. బట్టలు కుట్టే ఒకావిడ ఇలాగే చేశారు. క్రీమ్ వల్లే తగ్గిందని గట్టిగా నమ్మారు, కానీ రెండు చేతుల అంకెలూ ఒకేలా దిగాయి. అదే సమయంలో నేను రెండు బొటనవేళ్లకీ ఆసరా పట్టీ ఇచ్చాను, కత్తెర పట్టుకునే తీరు మార్పించాను, తేడా వచ్చింది వాటివల్లే. ఇంకొకరికి క్రీమ్ రాసిన చేతికే రెండు పాయింట్లు తగ్గింది, చేతులు మార్చాక కూడా క్రీమ్ వెంటే తేడా వెళ్లింది, ఆవిడ ఇప్పటికీ వాడుతున్నారు, నేను ఆపమనలేదు.

రాశాక చేతులు కడుక్కోవాలనేది చేతివేళ్లకి రాసేవాళ్లకి ఇబ్బందే, కాబట్టి చేతులకి నీళ్లు తగలకుండా ఓ అరగంట ఉండి, కళ్లు నులుముకోకుండా చూసుకుంటే చాలు. పగిలిన చర్మం మీద, పుండ్ల మీద వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దు. డబ్బా పిల్లలకి అందకూడదు, ముఖ్యంగా కర్పూరం ఉన్నది, అది మింగితే పసిపిల్లలకి మూర్ఛ రావొచ్చు.

ఇప్పుడు డైక్లోఫెనాక్ జెల్ గురించి. అమ్మగారికి నొప్పి మాత్రలు పడవు కదా, జెల్ కూడా అదే జాతి కదా అని మీకు టెన్షన్ ఉండొచ్చు. ఒక్క మోకాలికి జెల్ రాసుకుంటే రక్తంలోకి చేరేది మాత్రతో చేరేదాంట్లో సుమారు 6 శాతం. అందుకే కడుపు సున్నితంగా ఉన్న పెద్దవాళ్లకి మాత్రల కంటే ముందు దీన్నే చూస్తారు. అమెరికా రుమటాలజీ కాలేజీ 2019 మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకి ఈ రకం పూతలని గట్టిగా సిఫారసు చేశాయి, చేతులకి షరతులతో. అయినా పూర్వం కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, రక్తం పలుచబడే మందులు ఉంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. సీబీడీ క్రీమ్, ఈ జెల్ ఒకేచోట ఒకదానిమీద ఒకటి రాయొద్దు, ఒకదాన్ని రెండోది లోపలికి ఎంత తోస్తుందో ఎవరూ లెక్కకట్టి ఉండరు. అదే మార్గదర్శకాల్లో మోకాలికి వ్యాయామం కూడా గట్టి సిఫారసే. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి కాసేపు నిలిపి దించడం లాంటి చిన్నవాటితో తొడ ముందు కండరం బలపడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. ఏ డబ్బా కూడా నా దగ్గరికి వచ్చిన మోకాళ్లకి ఇంత చేయలేదు.

కీలు హఠాత్తుగా ఎర్రబడి వేడిగా ఉబ్బినా, జ్వరం తోడైనా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా ఏ క్రీమూ రాయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిక్కలో రక్తం గడ్డ ఉంటే రుద్దడమే ప్రమాదం.

మీరు రాయని విషయం ఒకటుంది, దాన్నిబట్టి నేను చెప్పిందంతా మారొచ్చు. పొద్దున లేచాక అమ్మగారి వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయి? అరగంటలోపు వదిలితే అరుగుదల అనుకోవచ్చు. గంట దాటి, ఎక్కువ వేళ్లు ఒకేసారి మెత్తగా వాచి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు, దానికి పూతలతో కాలం గడిపితే కీళ్లు పాడవుతాయి, రక్త పరీక్షలు చేయించాలి. ఓ వారం గమనించి, ఎంతసేపు పడుతోందో, ఏయే వేళ్లో, ఆవిడ వాడే మందుల పేర్లతో సహా రాయండి, చూసి చెప్తాను.